పట్నంలో ఉద్యోగం, పల్లెలో కాపురం

ప్రశ్న: మేము మియాపూర్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మా వారి ఆఫీసు నానక్‌రాంగూడలో ఉంది. వారానికి మూడు రోజులు తప్పనిసరిగా వెళ్లాలి. నేను ఇంటి నుంచే పనిచేస్తాను. మా అత్తగారు, రెండో తరగతి చదివే మా పాప మాతోనే ఉంటారు. గంటలోపు ఆఫీసుకు చేరగలిగిన పల్లెలో స్థలం కొని ఇల్లు కట్టుకోవాలని చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు కొన్ని ఆదివారాలు తిరిగి చూశాం. చేవెళ్ల దగ్గర ఒక ఊళ్లో స్థలం చాలా నచ్చింది. వెంటనే బయానా ఇమ్మంటున్నారు. ఈ మూడింటిలో ఏ వైపు మంచిది?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: బయానా ఇప్పుడే ఇవ్వకండి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘ఆదివారాలు’. ఆదివారం ఉదయం చేవెళ్ల నుంచి నానక్‌రాంగూడకు పట్టే సమయానికీ, మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు బయలుదేరితే పట్టే సమయానికీ పోలిక ఉండదు. మీ వారు ఒక మంగళవారం పొద్దున, ఒక వానపడే సాయంత్రం, ఒక సోమవారం ఆ దారిన నిజంగా వెళ్లివచ్చి, ఊళ్లోని గడప దగ్గర నుంచి ఆఫీసులో కుర్చీలో కూర్చునే దాకా గడియారం చూసుకోవాలి. పార్కింగులో తిరిగే సమయం, లిఫ్టు కోసం నిలబడే సమయం కూడా అందులో కలపాలి. అలా చూసినవారికి సాధారణంగా తెలిసివచ్చేదేమిటంటే, పల్లె నుంచి ఔటర్ రింగు రోడ్డు దాకా వచ్చే పాతిక కిలోమీటర్లు పెద్ద కష్టం కాదు. నార్సింగి, కోకాపేట, గచ్చిబౌలిల మధ్య చివరి ఆరేడు కిలోమీటర్లే ప్రయాణ కాలాన్ని నిర్ణయిస్తాయి. కాబట్టి పది కిలోమీటర్లు దూరంగా ఉన్నా, ఆ ఇరుకును తప్పించే దారి ఉన్న ఊరే మీకు దగ్గర ఊరు. ఇంకొక మాట: ఔటర్ ప్రధాన రహదారిపై ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. బైకుపై వెళ్లే రోజున సర్వీసు రోడ్డే గతి కనుక ఆ లెక్క విడిగా వేసుకోవాలి.

ఇక మూడు వైపుల సంగతి. చేవెళ్ల దారి అందమైనది. మొయినాబాద్ దాటాక రోడ్డుకు ఇరువైపులా కమ్ముకున్న పాత మర్రిచెట్లను చూసి మనసు పారేసుకోని వారు ఉండరు, నేనూ పారేసుకున్నాను. అయితే అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా ఆ రహదారి విస్తరణ ఆ చెట్ల వ్యవహారంతోనే హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఇరుకైన ఆ దారిలో కంకర టిప్పర్ల రాకపోకలు ఎక్కువ. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొని ఎందరో ప్రాణాలు కోల్పోయిన ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. వారానికి మూడు రోజులు చీకటిపడ్డాక అదే దారిన ఇంటికి రావాలన్న విషయాన్ని స్థలం అందంతో పాటు తూచాలి. పైగా ఆ వైపు రైలు లేదు. రోడ్డు స్తంభిస్తే ప్రత్యామ్నాయం ఉండదు.

వికారాబాద్ గాలి మంచిదే. అనంతగిరిలో ఒకప్పుడు క్షయరోగుల ఆసుపత్రి కట్టించింది ఆ గాలిని నమ్ముకునే. కానీ అక్కడి నుంచి నానక్‌రాంగూడకు కారులో రోజూ తిరగడం మీ గంట షరతుకు లొంగదు. రైలు ఉంది, అయితే లింగంపల్లిలో దిగాక మళ్లీ బస్సో ఆటోనో పట్టి సుమారు పది కిలోమీటర్లు వెళ్లాలి. నేను కొన్నేళ్లు ఆ మార్గంలో ప్యాసింజరు బండి ఎక్కి తిరిగినవాణ్ని. పొద్దున బండి ఎప్పుడూ నన్ను ఇబ్బంది పెట్టలేదు. సాయంత్రం సమావేశం పది నిమిషాలు సాగి, అందాల్సిన బండి కళ్లముందే కదిలిపోయిన రోజులే ఇబ్బంది పెట్టాయి. అందుకే రైలును నమ్ముకునేవారు ఉదయం బండ్లను కాక, సాయంత్రం ఏడు తరువాత మీ స్టేషనులో ఆగే బండ్లు ఎన్ని ఉన్నాయో ముందు చూడాలి. ఆ దారిన పోయే ఎక్స్‌ప్రెస్‌లన్నీ చిన్న స్టేషన్లలో ఆగవు.

మీ పరిస్థితికి నేనైతే శంకర్‌పల్లి వైపు మొగ్గుతాను. మోకిల, జన్వాడ మీదుగా కోకాపేట చేరే దారి ఒకటి, కొల్లూరు దగ్గర ఔటర్ ఎక్కే దారి మరొకటి, సికింద్రాబాద్–వాడి మార్గంలో రైల్వే స్టేషను ఇంకొకటి. ఒకటి మూసుకుపోతే రెండోది ఉంటుంది. అయితే శంకర్‌పల్లి ఇప్పుడు పురపాలక సంఘం. మోకిల చుట్టూ విల్లాలు లేచాయి. పల్లె అనుకుని కొన్న చోటు పదేళ్లకు పల్లెగా ఉంటుందన్న హామీ లేదు. స్టేషనుకు మూడు నాలుగు కిలోమీటర్ల లోపలి ఊళ్లలో వెతకండి.

ఖర్చు లెక్క త్వరగా చెప్పేస్తాను. ఒకవైపు 35 కిలోమీటర్లు అనుకుంటే, నెలకు 13 ఆఫీసు రోజులకు సుమారు 910 కిలోమీటర్లు. కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే, లీటరు 107 రూపాయలు అనుకుంటే పెట్రోలుకే నెలకు సుమారు 6,500 రూపాయలు. టోలు, మరమ్మతులు అదనం. రేపు కంపెనీ అయిదు రోజులూ రమ్మంటే అదే ఖర్చు 11,000 అవుతుంది. ఆ పరిస్థితిలో కూడా ఆ ఊళ్లో ఉండగలరా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి. కంపెనీ నియమం మారినంత సులువుగా ఇల్లు మారదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మీరు అడగనే లేదు. ప్రయాణం చేసేది మీ వారు. ఊళ్లో ఇరవై నాలుగు గంటలూ ఉండేది మీరు, అత్తగారు, పాప. కారు ఆఫీసుకు వెళ్లిపోయిన మధ్యాహ్నం అత్తగారికి ఆయాసం వస్తే ఏ ఆసుపత్రికి, ఏ బండిలో, ఎంతసేపట్లో వెళ్తారు? ఈ ప్రశ్నకు జవాబు దొరకని ఊరు ఎంత పచ్చగా ఉన్నా మీకు పనికిరాదు. రెండో వాహనం తప్పదని ముందే అనుకోండి. పాప బడి బస్సు ఊళ్లోకి వస్తుందా, రోడ్డు మలుపు దాకానే వస్తుందా, మొదట ఎక్కి చివర దిగే పిల్ల మీ పాపే అవుతుందా అని ఆ బస్సు డ్రైవరునే అడగండి. బడి ఆఫీసులో చెప్పేదానికంటే నిజం ఆయన దగ్గర ఉంటుంది. మీ పనికి ఫైబరు లైను ఆ వీధి దాకా వచ్చిందో లేదో చూడండి. ఏప్రిల్ గాలివానలకు కరెంటు పోతే ఎన్ని గంటలకు వస్తుందో పక్కింటివారే చెప్పగలరు.

నీళ్ల విషయంలో మిషన్ భగీరథ నల్లా రోజుకు ఎంతసేపు వస్తుందో, మే నెలలో బోర్లు ఎన్ని అడుగుల్లో అందుతాయో అడగండి. నల్లరేగడి నేల అయితే పునాది ఖర్చు పెరుగుతుంది, వానకాలంలో బండి ఇంటి దాకా రాకపోవచ్చు. కోళ్ల ఫారం ఎంత దూరంలో ఉందో, గాలి ఎటునుంచి వీస్తుందో చూడండి. ఈగలతో కాపురం చేయడం ఎవరికీ తేలిక కాదు. నిశ్శబ్దం కోసమే వెళ్తున్నట్లయితే ఒక శనివారం రాత్రి పదకొండు గంటలకు ఆ ఊళ్లో నిలబడి వినండి. మొయినాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌసుల్లో మోగే డీజేలు పట్నాన్ని మరిపిస్తాయి.

ఇక కాగితాలు. గుంటల లెక్కన ఫామ్ ప్లాటుగా అమ్మేది సాగుభూమి. నాలా మార్పిడి (సాగుభూమిని సాగేతర భూమిగా మార్చే అనుమతి), లేఅవుట్ అనుమతి లేనిదే అది ఇంటిస్థలం కాదు, బ్యాంకు అప్పూ పుట్టదు. గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణకు 1996 మార్చిలో వచ్చిన 111 జీవో పరిధిలో 84 గ్రామాలున్నాయి. అవి చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాల్లోనూ ఉన్నాయి. 2022లో అక్కడి నిర్మాణాలపై ఆంక్షలను సడలిస్తూ ఉత్తర్వు వచ్చింది, 2023 మేలో ఎత్తివేతకు మంత్రివర్గం నిర్ణయం తీసుకుంది. ‘జీవో పోయింది, ఇంక భయం లేదు’ అన్న దళారి మాట మీద కాక, మీ సర్వే నంబరుకు అధికారులు ఇచ్చే రాతపూర్వక అనుమతి మీదే ఆధారపడండి. గ్రామ నక్షలో శిఖం భూమి (చెరువు గర్భంలోది), అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది) ఎక్కడున్నాయో చూసుకోండి. చెరువు అలుగు పోసినప్పుడు నీరు ఏ దారిన పారుతుందో ఊరి పెద్దలు వేలు పెట్టి చూపిస్తారు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టడం కూడదు.

ఇవన్నీ ఒక్కసారిగా తెలిసిపోవు కాబట్టే, శంకర్‌పల్లిలో గానీ పక్క ఊళ్లో గానీ ఒక ఏడాది కిరాయికి ఉండమంటాను. ఒక వానకాలం, ఒక ఎండాకాలం అక్కడ గడవాలి. ఊళ్లో ‘టు లెట్’ బోర్డులు కనిపించవు. కిరాణా దుకాణంలో, పాలకేంద్రంలో అడిగితే మేడమీది వాటా దొరుకుతుంది. ఈలోగా చేవెళ్ల స్థలం అమ్ముడుపోవచ్చు. పోనివ్వండి.

ప్రశ్న: నా ఉద్యోగం పోచారంలో. బీబీనగర్ మండలంలో మూసీ ఒడ్డున ఒక ఊళ్లో ఇల్లు చవకగా వస్తోంది. ఆఫీసుకు అరగంటే. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: చవకకు కారణం ఆ ఒడ్డే కావచ్చు. హైదరాబాద్ మురుగు మోసుకుంటూ మూసీ ఘట్‌కేసర్, బీబీనగర్, పోచంపల్లి, వలిగొండల మీదుగా సాగుతుంది. ఆ ఆయకట్టులో బావినీరు చాలాచోట్ల తాగడానికి పనికిరాదు. వాసన, దోమల బాధ వేరే. మీ ఉద్యోగానికి ఈ దిక్కు మాత్రం సరైనదే. వరంగల్ రహదారి, కాజీపేట రైలు మార్గం పక్కపక్కనే నడుస్తాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. నది రహదారికి దక్షిణాన ఉంది కనుక ఉత్తరాన, బొమ్మలరామారం వైపు చూడండి. ఎటు చూసినా బోరు నీటిని కొనకముందే పరీక్షకు ఇచ్చి, ఫ్లోరైడు కొలత అడగండి. చౌటుప్పల్, నారాయణపూర్ వైపు వెళ్లేకొద్దీ ఆ పరీక్ష మరీ అవసరం.

ప్రశ్న: నేను రాత్రి షిఫ్టులు చేసే నర్సును. ఊరి నుంచి వచ్చిపోవడం సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, చందానగర్

జవాబు: ఆసుపత్రి వాహనం ఎన్ని కిలోమీటర్ల దాకా దింపుతుందో ముందు రాతపూర్వకంగా తెలుసుకోండి, చాలా సంస్థలు దూరానికి ఒక హద్దు పెట్టుకుంటాయి. ఆ హద్దు బయట ఊరు చూడకండి. మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు ఛార్జీ ఉండదు, కానీ తెల్లవారుజామున షిఫ్టు దిగాక మీ ఊరికి మొదటి బస్సు ఎన్ని గంటలకో డిపోలో అడగండి. రాత్రంతా మేలుకున్నాక సొంతంగా బండి నడుపుకుంటూ ముప్పై కిలోమీటర్లు వెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.