సీనియర్ కసుర్లు, ఫోన్ ఆర్డర్లు, పనిభారం: నర్సు ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి ఏడు నెలలుగా సర్జికల్ వార్డులో పనిచేస్తున్నాను. ఒక సీనియర్ సిస్టర్ పేషెంట్ల ముందే కసురుతున్నారు. డాక్టర్ రాత్రి ఫోన్‌లో చెప్పిన డోసును పొద్దున ‘నేను అలా చెప్పలేదు’ అన్నారు. సిబ్బంది తక్కువైతే ఇద్దరి పని నామీదే పడుతోంది. రాజీనామా చేయాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఈ మూడూ కలిసి ఒకే బాధగా మీద పడుతున్నాయి గానీ, వాటికి దారులు వేరు. పేషెంట్ ప్రాణానికి సంబంధించినది అక్కడికక్కడే తేల్చాలి. మనుషుల తీరు గురించి విడిగా మాట్లాడాలి. పనిభారాన్ని కాగితం మీద పెట్టాలి. అన్నీ కలిపి కోపంలో బయటపెడితే వినేవాళ్లకు మీ కోపమొక్కటే గుర్తుంటుంది.

ముందు ఫోన్ ఆర్డర్ సంగతి చూద్దాం, అసలు ప్రమాదం అక్కడే ఉంది. డాక్టర్ చెబుతుండగానే పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, మందు, డోసు, ఇచ్చే మార్గం (నోటి ద్వారానా, ఇంజెక్షనా), ఎన్నిసార్లు అన్నవి రాయండి. రాసింది తిరిగి చదివి ‘అవును’ అనిపించుకున్నాకే మందు తీయండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. అందుకే ‘వన్ ఫైవ్’ అని అంకెలు విడదీసి చెప్పండి. ఇన్సులిన్‌కు ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయాలి. ఇంగ్లిష్ పొడి అక్షరం ‘యు’ (U) అంకె పక్కన సున్నాలా కనబడి 4 కాస్తా 40 అయిపోతుంది. వీలైతే ఇంకో నర్సు కూడా ఆర్డర్ వినాలి. ఫోన్ చేసిన సమయం, డాక్టర్ పేరు రాసి, మీ ఆసుపత్రి పెట్టిన గడువులోగా సంతకం చేయించాలి. ముందు మందు ఇచ్చేసి, తర్వాత గుర్తుచేసుకుని రాయడం వల్లే చాలా గొడవలు మొదలవుతాయి.

ఆర్డర్ తప్పనిపిస్తే ‘సార్, ఈ డోసు ఎక్కువగా ఉంది, ఇవ్వడానికి నాకు భయంగా ఉంది’ అని సూటిగా అనండి. వినకపోతే రెండోసారి చెప్పండి. అప్పటికీ తేలకపోతే మందు ఆపి ఇన్‌ఛార్జికి, పై డాక్టర్‌కు తెలియజేయండి. ‘డాక్టర్ చెప్పారు, ఇచ్చాను’ అన్నంతమాత్రాన నర్సు బాధ్యత తీరదు.

మీరే ఫోన్ చేసేటప్పుడు పరిస్థితి, నేపథ్యం, మీ అంచనా, మీకు కావలసినది వరుసగా చెప్పండి. ‘సార్, 12వ బెడ్ పేషెంట్‌కు బీపీ 84/50, పల్స్ 124. సాయంత్రం పేగు ఆపరేషన్ అయింది. రెండు గంటల్లో యూరిన్ 20 ఎంఎల్లే వచ్చింది. లోపల బ్లీడింగేమోనని అనుమానం. మీరు వెంటనే రావాలి.’ ‘పేషెంట్ బాగోలేదు సార్’ అంటే మాత్రం అవతల విసుక్కునే అవకాశమే ఎక్కువ.

పాత తేదీ వేసి కేస్ షీట్‌లో ఏదీ చేర్చకండి, వైట్‌నర్ పూయకండి. తప్పు మీద ఒకే గీత గీసి, తేదీ, సమయం, సంతకం పెట్టండి. జరిగిన పొరపాటును ఇన్సిడెంట్ రిపోర్టులో రాయండి. అందులో చూసింది, విన్నది, చేసింది మాత్రమే ఉండాలి. ‘నిర్లక్ష్యంగా’ లాంటి మాటలు వద్దు.

సీనియర్‌తో ఆ రోజే, డ్యూటీ అయ్యాక ఒంటరిగా మాట్లాడండి. ‘అక్కా, పొద్దున డ్రెస్సింగ్ దగ్గర పేషెంట్ల ముందు అరిచారు. నా తప్పుంటే పక్కకు పిలిచి చెప్పండి, సరిదిద్దుకుంటాను’ అంటే చాలు. ఆమె చెప్పిన తప్పు నిజమైతే ఒప్పుకోండి. తీరు మారకపోతే తేదీ, సమయం, అన్న మాటలు, అక్కడున్నవారి పేర్లు సొంత పుస్తకంలో రాసుకుని ఇన్‌ఛార్జి దగ్గరకు వెళ్లండి. ఆ పుస్తకంలో పేషెంట్ వివరాలు ఉండకూడదు, కేస్ షీట్ల ఫోటోలు అసలే తీయకూడదు. చేయి చేసుకోవడం, లైంగిక వేధింపు అయితే ఈ ఒంటరి సంభాషణ అక్కర్లేదు, నేరుగా లిఖితంగా ఫిర్యాదు ఇవ్వండి.

పనిభారం గురించి హ్యాండోవర్ (డ్యూటీ దిగే నర్సు నుంచి పేషెంట్ల బాధ్యత) తీసుకునే ముందే చెప్పండి. ఎందరు పేషెంట్లు, అందులో ఎందరికి ఆక్సిజన్, ఎందరికి గంటగంటకూ బీపీ చూడాలి, ఎందరు నర్సులున్నారు అన్నవి రాసి ఇన్‌ఛార్జికి ఇవ్వండి. ‘వీటిలో ఏది వెనక్కి పెట్టమంటారు?’ అని అడగండి. బాధ్యత తీసుకున్నాక డ్యూటీ మధ్యలో వెళ్లిపోవడం మాత్రం పేషెంట్లను వదిలేసినట్టే అవుతుంది.

రాజీనామా లేఖ నైట్ డ్యూటీ దిగిన ఉదయం రాయకండి. ముందు వేరే వార్డుకు మార్చమని లిఖితంగా అడగండి. కానీ మందుల పొరపాట్లు దాచమని, చూడని బీపీలు రాయమని ఒత్తిడి చేసే చోట ఆగవద్దు, ఉద్యోగం మారడమే సరైనది. అప్పుడు కూడా నోటీసు గడువు, బాండ్ షరతులు చదివి, అనుభవ ధ్రువపత్రం, రిలీవింగ్ లెటర్ చేతికి తీసుకునే బయటకు రండి.