భద్రాచలంలో ఒకటో, రెండో, మూడో ప్రమాద హెచ్చరిక ఎప్పుడు ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారు?

హెచ్చరిక స్థాయిలు ముందే ఖరారై ఉంటాయి. భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో ఇవే 11.75, 13.75, 17.75 అడుగులు. కొలిచే చోటు మారింది కాబట్టి అంకెలూ మారాయి, అంతే. వరద తగ్గేటప్పుడు మూడోదాని నుంచి మొదటిదాకా వెనక్కి ఒక్కో హెచ్చరికనూ ఉపసంహరిస్తారు.

అసలు కష్టమైన నిర్ణయం ఊళ్లు ఖాళీ చేయించడం. దానికి 53 అడుగులు వచ్చేదాకా ఆగితే లాభం లేదు, అప్పటికే చర్ల, కూనవరం వైపు రోడ్లు మునిగి బస్సులు ఆగిపోతాయి. అందుకే అధికారులు పైనుంచి వచ్చే నీటిని చూస్తారు. పేరూరులో మట్టం ఎంత, ఇంద్రావతి ఎంత తెస్తోంది, గంటకు ఎన్ని అంగుళాలు పెరుగుతోంది అన్నవి లెక్కలోకి వస్తాయి. కేంద్ర జల సంఘం అంచనాలు ఇస్తుంది, కలెక్టర్లు ఆదేశాలిస్తారు. 45 అడుగుల దగ్గర నిలకడగా ఉన్న నది కంటే 40 దగ్గర వేగంగా పెరుగుతున్న నదే నాకు ఎక్కువ భయం.

కూనవరం, చింతూరు వాళ్లు ఇంకొకటి గమనించాలి. గోదావరి నిండుగా ఉంటే శబరి నీరు అందులో కలవలేక వెనక్కి తంతుంది. మీ ఊళ్లో వాన లేకపోయినా ముంపు వస్తుంది.

2022 జూలైలో భద్రాచలంలో నీరు 71 అడుగులు దాటింది. 1986లో 75.6 అడుగులకు చేరింది. మూడో హెచ్చరిక తర్వాత నాలుగోది లేదు. అందుకని రెండో హెచ్చరిక నాటికే ముసలివాళ్లను, పశువులను మెరకకు చేర్చండి.