కణాలు చచ్చినా ఊదా రంగు ఎందుకు?

ప్రశ్న: ఎలుక మెదడు హెచ్‌టీ22 కణాలకు 5 మిల్లీమోలార్ గ్లూటమేట్ (ఎక్కువైతే నాడీకణాలను చంపే సంకేత రసాయనం) పెట్టి, 24 గంటల తర్వాత ఎంటీటీ (బతికిన కణాలను ఊదా రంగుతో అంచనా వేసే పరీక్ష) చేస్తున్నాను. మొక్క సారం కలిపిన ప్లేటు గుంటల్లో 110 శాతం బతికినట్టు వస్తోంది. మైక్రోస్కోపులో మాత్రం కణాలు గుండ్రంగా ముడుచుకుని తేలుతున్నాయి. ఏది నమ్మాలి?
– పీహెచ్‌డీ విద్యార్థిని

జవాబు: మీ కళ్లనే నమ్మండి. ఎంటీటీ కణాలను లెక్కపెట్టదు. ఆ రసాయనాన్ని ఏది క్షయకరణం చేసినా (ఎలక్ట్రాన్లు ఇచ్చినా) ఫార్మజాన్ అనే ఊదా రంగు పదార్థం తయారవుతుంది, ఆ పని మొక్క సారాల్లోని పాలీఫినాల్స్ కూడా చేస్తాయి. కణాలు లేని గుంటలో మీడియం, సారం, 0.5 మి.గ్రా./మి.లీ. ఎంటీటీ వేసి 37 డిగ్రీల వద్ద మూడు గంటలు ఉంచండి. రంగు వస్తే దొంగ దొరికినట్టే. ఇకపై ఎంటీటీకి ముందు సారాన్ని తీసేసి, కణాలను పీబీఎస్‌ (ఉప్పు బఫర్ ద్రావణం)తో మెల్లగా కడగండి. విసురుగా పోస్తే బతికినవీ ఊడిపోతాయి. పక్కన ఎల్‌డీహెచ్ (చచ్చిన కణాల నుంచి బయటికి కారే ఎంజైమ్) పరీక్ష తప్పనిసరి. మీడియంలో కలిపే సీరంలోనూ ఎల్‌డీహెచ్ ఉంటుంది కాబట్టి కణాల్లేని మీడియం విలువను తీసేయాలి.

ఇంకో మాట, అడక్కపోయినా. హెచ్‌టీ22లో చావు ఎన్‌ఎండీఏ గ్రాహకాల (గ్లూటమేట్ అంటుకునే నాడీకణ ద్వారాల) వల్ల కాదు. గ్లూటమేట్ సిస్టీన్ (ఒక అమైనో ఆమ్లం)ను లోపలికి రానివ్వదు, దాంతో తయారయ్యే రక్షక యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్ అడుగంటుతుంది. అందుకే కొవ్వుల ఆక్సీకరణను ఆపే ఫెర్రోస్టాటిన్-1 కాపాడుతుంది, ఎన్‌ఎండీఏ గ్రాహకాలను మూసే ఎంకే-801ను కంట్రోల్‌గా పెట్టుకుంటే ఏమీ తేలదు. కణాలు కిక్కిరిస్తే గ్లూటమేట్‌కు లొంగవు. 96 గుంటల ప్లేటులో గుంటకు 5,000 కణాలు చాలు. ఎక్సైటోటాక్సిసిటీయే (గ్రాహకాల అతి ఉత్తేజంతో వచ్చే చావే) మీ అంశమైతే, రెండు వారాలు పెంచిన కార్టికల్ (మెదడు పైపొర) న్యూరాన్లకు మారక తప్పదు.