కోపిష్టి ఆటగాడు మంచి మేనేజర్ కాగలడా? లూ పినెల్లా సంగతి

"కోపానికి పేరుపడ్డ లూ పినెల్లా బేస్‌బాల్ మేనేజర్‌గా నిజంగా గొప్పవాడా, లేక బేస్‌లు (రన్నర్లు తాకాల్సిన చదునైన దిండ్లు) పీకి విసిరేసి వార్తల్లోకి ఎక్కాడా?" అని అడిగారు. ఆయన అమెరికాలోని సియాటిల్ మారినర్స్ జట్టును నడిపిన చివరి సీజన్లప్పుడు నేను ఆ పక్కనే బెల్‌వ్యూలో ఉద్యోగం చేసేవాణ్ని. నా మటుకు గొప్పవాడే.

ముందు ఒక సంగతి. బేస్‌బాల్ మేనేజర్ మన క్రికెట్ కోచ్‌లా బాల్కనీలో కూర్చోడు. ఆటగాళ్ల యూనిఫామే వేసుకుని డగౌట్‌లో (మైదానం అంచున జట్టు కూర్చునే చోట) ఉంటాడు, అంపైర్ నిర్ణయం నచ్చకపోతే మైదానంలోకొచ్చి గొడవేసుకుంటాడు. చాలాసార్లు అది తన ఆటగాడు నోరు జారి, అంపైర్ చేత మ్యాచ్ నుంచి బయటికి పోకుండా కాపాడటానికే.

2002 సెప్టెంబర్‌లో టెక్సాస్‌తో మ్యాచ్‌కి ఆఫీసు వాళ్లతో వెళ్లాను. మొదటి బేస్ దగ్గర మావాణ్ని అవుటిచ్చారు. పినెల్లా వచ్చాడు, టోపీ నేలకేసి కొట్టాడు, దాన్నీ తన్నాడు. అంపైర్ బయటికి పొమ్మన్నాక వంగి, మొదటి బేస్‌ను ఊడబెరికి రైట్ ఫీల్డ్ వైపు విసిరాడు. అది చాల్లేదు కాబోలు, వెళ్లి తీసి మళ్లీ విసిరాడు. 59 ఏళ్ల మనిషి, ఆయాసపడుతూ! స్టేడియమంతా ఒకటే ఈలలు. 1990లో సిన్సినాటిలోనూ ఇదే పని చేశాడు. ఆ ఏడాదే ఆయన రెడ్స్ జట్టు ఓక్లాండ్‌ను 4-0తో ఊడ్చేసి వరల్డ్ సిరీస్ (సీజన్ చివరి ఛాంపియన్‌షిప్) గెలిచింది.

ఉత్త కోపమే అయితే ఇన్నేళ్లు నెగ్గుకురాలేడు. ఆటగాడిగా 1969లో కాన్సాస్ సిటీ తరఫున రూకీ ఆఫ్ ద ఇయర్ (ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడు), తర్వాత న్యూయార్క్ యాంకీస్‌తో రెండు వరల్డ్ సిరీస్‌లు. అన్నిటికన్నా నాకు నచ్చేది 1978లో బోస్టన్‌తో ఆడిన టై-బ్రేకర్, అంటే రెండు జట్లూ సమానంగా నిలిచినందుకు పెట్టిన ఒక్క మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఎండ కళ్లలో పడి బంతి కనబడలేదు. అయినా కనబడుతున్నట్టే నటిస్తూ నిలబడ్డాడు, నేలను తాకి లేచిన బంతిని ఆఖరి క్షణంలో గ్లవ్‌తో అందుకున్నాడు. క్యాచ్ పట్టేస్తాడేమోనని తటపటాయించిన రన్నర్ రెండో బేస్ దగ్గరే ఆగిపోయాడు. యాంకీస్ 5-4తో గట్టెక్కింది. టెన్షన్‌లో అంత నిబ్బరం ఉన్నవాడికి ఎప్పుడు అరవాలో తెలియదంటే నేను నమ్మను.

సియాటిల్ వాళ్లకు ఆయనంటే ప్రాణం. టీమ్ ఊరు వదిలి పోతుందన్న రోజుల్లో, 1995లో ప్లేఆఫ్స్‌కు (సీజన్ తర్వాత టైటిల్ కోసం జరిగే పోటీలకు) చేర్చి యాంకీస్‌ను ఓడించాడు. ఆ ఊపులోనే కొత్త స్టేడియానికి డబ్బు మంజూరైంది. 2001లో జపాన్ ఆటగాడు ఇచిరో వచ్చిన ఏడాది 116 విజయాలు, 1906 నాటి షికాగో కబ్స్ రికార్డుతో సమానం. అయినా ప్లేఆఫ్స్‌లో యాంకీస్ చేతిలోనే 4-1తో ఓడారు, అది వేరే ఏడుపు.

మేనేజర్‌గా మొత్తం 1,835 విజయాలు. బేస్‌బాల్ దిగ్గజాలకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ కమిటీ మాత్రం 2018లో ఒకసారి, 2023లో ఇంకోసారి, రెండుసార్లూ ఒక్క ఓటు తేడాతో ఆయన్ను బయటే నిలబెట్టింది. ఆ కమిటీ మీద నాకింకా మంటే.