సముద్రపు బ్యాక్టీరియా వర్గీకరణ చదివితే ఉపాధి దొరుకుతుందా?

ప్రశ్న: భీమిలి దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తాను. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో ఉంది. సముద్రంలో దొరికే కొత్త బ్యాక్టీరియాను జీనోమ్ (దాని మొత్తం జన్యు సమాచారం) ఆధారంగా వర్గీకరించే పరిశోధన చేస్తానంటోంది. ఆ చదువుతో బతుకు గడుస్తుందా?
- ఓ తండ్రి

జవాబు: గడుస్తుందండీ. కాకపోతే పేరు పెట్టడమొక్కటే నమ్ముకుంటే కష్టం. ఆ పేరు దాకా తీసుకెళ్లే పనులన్నీ చేతికి రావాలి.

మీ హేచరీలో విబ్రియో అనే రకం బ్యాక్టీరియాను పెంచి చూసే టీసీబీఎస్ ప్లేటు మీద పసుపు, ఆకుపచ్చ కాలనీలు లెక్కపెట్టడం మీరు చూసే ఉంటారు. విబ్రియోలు ఎంత పెరిగాయో దాంతో అంచనా వేస్తారు గానీ, అది ఏ విబ్రియో అన్నది రంగు చెప్పలేదు. బ్యాక్టీరియాను గుర్తించడానికి మామూలుగా వాడే 16ఎస్ జన్యువు చదివినా ఒక్కోసారి తేలదు. రొయ్య పిల్లల్ని చంపే విబ్రియో హార్వేయికీ, దాని దగ్గరి చుట్టం క్యాంప్‌బెల్లీకీ 16ఎస్ దాదాపు ఒకటే. పరిశోధనల్లో ఏళ్ల తరబడి హార్వేయిగా వాడిన బీఏఏ-1116 అనే స్ట్రెయిన్ (ఒక ప్రత్యేక రకం) నిజానికి క్యాంప్‌బెల్లీ అని 2010లో జీనోమ్‌లు పోల్చాకే బయటపడింది. అలాంటి చిక్కుముడి విప్పే విద్య మీ అమ్మాయి ఎంచుకున్నది.

రెండు జీనోమ్‌ల సగటు పోలికను ఏఎన్ఐ అంటారు. అది 95-96 శాతం కంటే తగ్గితే వేరే జాతి కింద లెక్క. అలాగని కంప్యూటర్ ముందు కూర్చుంటే సరిపోదు. సముద్రపు బ్యాక్టీరియాను పెంచే జోబెల్ మెరైన్ అగర్ మీద ఒక్క కాలనీని ఎంచుకుని, మళ్లీ మళ్లీ కొత్త ప్లేటు మీద గీసి, ఒక్క రకమే ఉన్న శుద్ధమైన కల్చర్ తీయాలి. ఇంకోటి కలిసిందంటే వచ్చే జీనోమ్ కలగూరగంపే. చాలామంది పిల్లలు ఈ మెట్టును చులకన చేస్తారు, నాకు అదే బాధ. కొత్త జాతికి పెట్టిన పేరు చెల్లాలంటే బతికున్న కల్చర్‌ను రెండు వేర్వేరు దేశాల కల్చర్ కలెక్షన్లలో దాచాలి కూడా. మన దేశంలో చండీగఢ్‌లో ఎంటీసీసీ, పుణెలో ఎన్‌సీఎంఆర్ ఉన్నాయి. విశాఖ తీరపు నీటిలో దొరికి, 2007లో రోడోవులమ్ విశాఖపట్నమెన్స్ అని మన ఊరి పేరే పెట్టుకున్న బ్యాక్టీరియా ఒకటుంది. దాన్ని లోకానికి పరిచయం చేసింది హైదరాబాద్ పరిశోధకులే!

ఎమ్మెస్సీకి సీయూఈటీ-పీజీ, గాట్-బీ, జామ్ బయోటెక్నాలజీ ప్రవేశ పరీక్షలు రాయించండి. తర్వాత సీఎస్ఐఆర్-నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) అదనం. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ)కు విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. వర్గీకరణ కోసమే తీసుకునే శాశ్వత ఉద్యోగాలు మాత్రం తక్కువ, ఆ సంగతి అమ్మాయికి ముందే చెప్పండి. అందుకే లినక్స్, పైథాన్ ఇప్పటినుంచే నేర్చుకోమనండి. జీనోమ్ ముక్కల్ని కంప్యూటర్‌లో కలిపే జీనోమ్ అసెంబ్లీ తెలిస్తే సీక్వెన్సింగ్ సంస్థల్లో, ఆక్వా వ్యాధి నిర్ధారణ ల్యాబుల్లో పనికొస్తుంది.

ఈ సెలవుల్లో ఎన్‌సీబీఐ అనే ఉచిత ఆన్‌లైన్ జన్యు భాండారం నుంచి హార్వేయి, క్యాంప్‌బెల్లీ జీనోమ్‌లు దించుకుని ఏఎన్ఐ ఎంతొస్తుందో తనే కట్టి చూడమనండి. పైసా ఖర్చు లేదు. ఆ అంకె వచ్చాక అక్కడితో ఆపేస్తుందో, మూడో విబ్రియోను కూడా పక్కన పెట్టి చూస్తుందో గమనించండి.