అప్‌డేట్ చేశాక లేటెక్‌లో (డాక్యుమెంట్లను టైప్‌సెట్ చేసే సాఫ్ట్‌వేర్) హెడ్డింగ్ పైన ఖాళీ పెరిగింది, తప్పు ఎక్కడ?

ముందు ఫైలును కోసుకుంటూ రండి. సగం తీసేసి కంపైల్ చేయండి. ఖాళీ అలాగే ఉంటే మిగిలినదాంట్లో మళ్లీ సగం. పదిహేను లైన్లకు దిగాక, డాక్యుమెంట్‌క్లాస్ లైనుకు ముందు లిస్ట్‌ఫైల్స్ (\listfiles) కమాండ్ పెడితే లాగ్‌లో (కంపైల్ వివరాలు రాసే ఫైలు) ప్యాకేజీల, అంటే అదనపు సదుపాయాలిచ్చే ఫైళ్ల, వెర్షన్లు, తేదీలు కనిపిస్తాయి. పాత లాగ్‌తో పోల్చండి (దాచుకునేవాళ్లు తక్కువేననుకోండి).

లేకపోతే మొదటి లైన్లోనే లేటెక్‌రిలీజ్ ప్యాకేజీని 2020-02-02 లాంటి పాత తేదీతో పిలవండి. కెర్నెల్ (లేటెక్ ప్రధాన కోడ్) ఆ తేదీకి వెనక్కి వెళ్తుంది. ఖాళీ సర్దుకుంటే కారణం చాలావరకు కెర్నెల్ మార్పే. తేదీని ముందుకు జరుపుతూ ఎక్కడ చెడిందో పట్టుకోవచ్చు. నా మొదటి అనుమానం 2020 అక్టోబర్ విడుదల మీదే: హుక్‌ల వ్యవస్థ (కెర్నెల్ నడిచేటప్పుడు నిర్దిష్ట చోట్ల ప్యాకేజీలు తమ కోడ్ తగిలించే ఏర్పాటు) అందులోనే వచ్చింది, కెర్నెల్ లోపలి కమాండ్లను తిరగరాసే పాత ప్యాకేజీలు అక్కడ తడబడతాయి. ఖాళీ తగ్గకపోతే ఇక ప్యాకేజీలను ఒక్కొక్కటిగా తీసి చూడాల్సిందే.