ఇంజిన్ ఎయిర్ ఫిల్టర్‌ను ఇంట్లోనే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా పెట్రోలు కారు ఎయిర్ ఫిల్టర్‌ను నేనే మార్చుకోవచ్చా? పాతదాన్ని గాలి కొట్టి మళ్ళీ వాడితే సరిపోదా? మైలేజీ పెరుగుతుందా?

జవాబు: నిస్సంకోచంగా మార్చుకోవచ్చు. ఇంజిన్ ఆపి, చల్లారిన తరువాత బానెట్ ఎత్తితే, లావుపాటి గొట్టం అమర్చిన నల్లని ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తుంది. దాని క్లిప్పులనో స్క్రూలనో విప్పి, ఫిల్టర్ ఏ వైపు పైకి ఉందో గమనించి బయటికి తీయండి. కొత్తది పెట్టేముందు పెట్టె అడుగున చేరిన ఆకులనూ ఇసుకనూ తడిగుడ్డతో తుడవాలి గాని, ఆ చెత్త ఇంజిన్ వైపు గొట్టంలోకి జారకుండా చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఫిల్టర్ చుట్టూ ఉండే రబ్బరు అంచు. అది గాడిలో సరిగ్గా కూర్చోకపోతే వడకట్టని గాలి సందులోంచి దూరి, అందులోని సన్నని ఇసుక సిలిండరు గోడలనూ పిస్టన్ రింగులనూ అరగదీస్తుంది. మూత బలవంతంగా నొక్కవలసి వస్తోందంటే ఫిల్టర్ సరిగా కూర్చోలేదన్నమాట.

కాగితపు ఫిల్టర్‌ను కడగకూడదు. గట్టిగా గాలి కొడితే మడతల్లో కంటికి కనబడని చిరుగులు పడతాయి కనుక, అదీ మంచిది కాదనే నా అభిప్రాయం. ఇక మైలేజీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి: ఇంజెక్షన్ పద్ధతి ఇంజిన్లలో లోపలికి వచ్చే గాలిని బట్టి కంప్యూటరే పెట్రోలును సరిచేస్తుంది, పూడుకుపోయిన ఫిల్టర్ వల్ల ప్రధానంగా తగ్గేది పికప్. మార్చవలసిన గడువు కారు మాన్యువల్లో ఉంటుంది. దుమ్ము దారుల్లో తిరిగేవారు అంతకంటే ముందే మార్చాలి.